కింది గదికి పేరు

పరమేష్ స్విచ్‌బోర్డు మూత విప్పి, లోపలి వైర్లను వేలితో బయటికి లాగి, ఒక్కొక్కదాన్నీ టెస్టరుతో ముట్టి చూస్తున్నాడు. బోర్డు మంచం తలాపున గోడకు ఉంది. ఆసుపత్రి నమూనాలో చేసిన ఆ మంచం ఇంకో వైపు తిప్పి వేస్తే తలుపు పట్టదు. అందుకని అతను ఒక మోకాలు పరుపు అంచుకు ఆనించి, పడుకున్న పెద్దాయనకు తగలకుండా నడుము వంచి పని చేస్తున్నాడు. నెత్తి మీదికి ఎత్తుకున్న కళ్లద్దాలు మాటిమాటికీ జారి ముక్కు మీద పడుతున్నాయి.

పెద్దాయన భార్య ఐలమ్మ గుమ్మంలో నిలబడి, కట్టు కట్టిన ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకొని చూస్తోంది. పది రోజుల కింద తెల్లవారుజామున లైటు వేద్దామని మంచం చుట్టూ తిరిగి ఆ బోర్డు దగ్గరికి పోతూ నీళ్లలో కాలు జారి పడింది. మణికట్టు విరిగింది. ఆ మరునాడే కొడుకు జైపాల్ సుచిత్ర చౌరస్తాలోని దుకాణం దాకా పోయి ఈ సామాను మాట్లాడి వచ్చాడు. సెంట్రింగ్ సామాను కిరాయికిచ్చే వ్యాపారం అతనిది; ఏదైనా అనుకుంటే ఆలస్యం ఓర్వడు. ఇక స్విచ్చు ముట్టే పనే ఉండదనీ, కూర్చున్న చోటు నుంచి నోటితో చెప్తే లైటు వెలుగుతుందనీ, ఫ్యాన్ తిరుగుతుందనీ, నాయిన మంచం తల వైపు దానంతట అదే పైకి లేస్తుందనీ తల్లికి మూడుసార్లు చెప్పాడు.

హాల్లో టీవీ పక్కన మామిడిపండంత గుండ్రటి డబ్బా ఒకటి పెట్టారు. దాన్ని మైనా అని పిలవాలట. పిలిస్తే దాని నడుము చుట్టూ నీలంగా వెలుగు తిరుగుతుంది. కింద ఉన్న మూడు గదులకూ అదొక్కటే చెవి.

మధ్యాహ్నానికి వైర్ల పని అయిపోయింది. పరమేష్ సోఫా అంచున కూర్చుని ఫోనులో గదుల పేర్లు ఎక్కించడం మొదలుపెట్టాడు. ప్రతి గదికీ ఒక పేరుండాలి, ఏ పేరు పెడితే ఆ పేరుతోనే అడగాలి, ఉత్త లైటు అంటే దానికి తెలియదు అని చెప్పాడు. జైపాల్ అటూ ఇటూ నడుస్తూ చెప్పుకుపోయాడు. పైన తమది జైపాల్ రూము. దాని పక్కన బిడ్డది, రక్షిత రూము.

"కిందిది వెంకటనర్సయ్య రూము," అన్నాడు. "పూర్తి పేరు పెట్టు అన్నా. గేటు మీద రాయించుడు ఒక్కటే కాదు, రోజూ ఇంట్ల నాయిన పేరు ఇనబడాలె."

ఐలమ్మ వంటింటి గడప మీదే ఆగిపోయింది. చేతిలోని నీళ్ల చెంబు కింద పెట్టి మళ్లీ ఎత్తుకుంది. తర్వాత ఒక్కొక్కరి గొంతూ డబ్బాకు నేర్పించారు. ఐలమ్మను కూడా కూర్చోబెట్టి ఐదు మాటలు చెప్పించారు. మైనా, వాన పడుతుందా. మైనా, టైమెంత. ఆమె బడిపిల్లలా అన్నీ చెప్పింది. ఆరో మాట ఎవరూ అడగలేదు గనక ఆ పూట గడిచింది.

పెళ్లయి నలభై ఆరేళ్లు. ఆ పేరు ఆమె నోటితో ఒక్కసారి కూడా పలకలేదు. రేషన్ కార్డు కాడ, బ్యాంకు కాడ, చేతికి కట్టు వేసిన డాక్టరు కాడ కూడా మొగుని పేరేందని అడిగితే చీర చెంగులోంచి ఆధార్ కార్డు తీసి ఇచ్చేది. పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని ఆమె అత్త చెప్పిన మాట. ఆయన మంచిగా తిరిగినప్పుడే పలకనిది, మనిషి కుడి పక్కంతా పడిపోయి, మాట పోయి, ఏడాదిగా ఆ మంచాన ఉన్నప్పుడు ఎట్లా పలుకుతుంది?

గురువారం పొద్దున జైపాల్ పనికి పోయే ముందు ఆమెను హాల్లో నిలబెట్టాడు.

"ఏం లేదమ్మా. మైనా, వెంకటనర్సయ్య లైటు వెయ్యి. గంతే. అను."

"మైనా," అంది ఐలమ్మ. నీలం వెలుగు తిరిగింది. ఆమె నోరు తెరిచి మూసింది. "లైటు వెయ్యి."

"క్షమించండి. ఏ గది లైటో చెప్పండి," అంది డబ్బా.

"గా గది లైటు."

"క్షమించండి. ఏ గది లైటో చెప్పండి."

జైపాల్ ఓపిగ్గానే మళ్లీ చెప్పాడు. మూడోసారికి గొంతు పెరిగింది. డబ్బాను చూసి భయపడుతున్నావా, అది కరుస్తదా అని నవ్వబోయాడు. చెప్పింది చెప్పినట్టే మరిచిపోతున్నావా అని తల్లి ముఖంలోకి పరీక్షగా చూశాడు. ఆ చూపు ఐలమ్మకు నచ్చలేదు. ఏడాది కింద పెద్దాయన మాట తడబడ్డప్పుడు కూడా కొడుకు ఇట్లాగే చూశాడు.

నేను ఆయన పేరు చెప్పను బిడ్డా అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఆ మాట వెనకాల ఇంకో మాట కాచుకొని ఉంది. మరి నాయిన్ను నువ్వు ఏమని పిలుస్తవ్ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు ఈ ఇంట్లో చెప్పకూడనిది.

మంచం కమ్మీ మీద టక్‌మని చప్పుడైంది. పెద్దాయన ఎడమ చేతి కాడ కమ్మీకి దారంతో ఒక స్టీలు చెంచా కట్టి ఉంటుంది. ఒకసారి కొడితే నీళ్లు, రెండుసార్లు కొడితే పక్కకు తిప్పమని. ఐలమ్మ గబగబా లోపలికి పోయింది. కుడి చేత్తో నీళ్లు తాగిస్తూ, ఆయన గొంతు కదలిక చూసి, మింగాకే రెండో గుక్క పోసింది.

శుక్రవారం సాయంత్రం మబ్బు పట్టి గది తొందరగా చీకటైంది. మైనాను పిలిచే ధైర్యం లేక ఐలమ్మ పెరట్లోంచి బూజు కర్ర తెచ్చింది. మంచం ఇవతల నిలబడి, ఒంటి చేత్తో కర్రను పెద్దాయన ముఖం మీదుగా సాచి, కొసతో స్విచ్చును వెతుకుతోంది. అదే వేళకు శైలజ పళ్లరసం గ్లాసుతో లోపలికొచ్చింది.

"అత్తమ్మా, ఏం చేస్తున్నరు?" అని గ్లాసు కిటికీలో పెట్టి కర్ర పట్టుకుంది. కర్ర కొసన ఉన్న బూజు పెద్దాయన కనుబొమ్మ మీద రాలింది. శైలజ చెంగుతో తుడిచింది. కోడలు తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఐలమ్మకు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తేల్చేశారు. సోమవారం నుంచి శివమ్మ వస్తుంది. మేడ్చల్‌లో ఒక ముసలామెను ఆరేళ్లు చూసుకున్న మనిషి, పని తెలిసినామె. రాత్రీ పగలూ ఆ గదిలోనే ఉంటుంది. ఐలమ్మ పైన, రక్షిత పక్క గదిలోకి మారుతుంది. ఏసీ ఉంది, బాత్రూము లోపలే ఉంది, ఆమె కూడా కొంచెం రెస్టు తీసుకోవాలె.

"నాకెందుకు ఏసీ," అంది ఐలమ్మ.

"అమ్మా, ఒక్క లైటు వెయ్యరావడం లేదు నీకు. రేపు నాయినకు ఏమన్నయితే? మళ్లీ నువ్వే పడితే?" జైపాల్ పెరుగన్నం కలుపుతూ తల ఎత్తకుండా అన్నాడు. "ఐతారం శైలజ వాళ్ల నాయిన వస్తుండు. మా దోస్తులు గూడ వస్తున్నరు, ఈ సిస్టం జూస్తమని. గాళ్ల ముంగట నువ్వు ఒక్కసారి సరిగ్గ జేసి సూపిచ్చు. అప్పుడు శివమ్మను వద్దంట."

కోపంతో అన్న మాట కాదది. చిన్నప్పుడు ఎక్కాలు ఒప్పజెప్పితే రూపాయిస్తానని పెద్దాయన అనేవాడు కొడుకుతో. అచ్చం అదే గొంతు. శైలజ ఆలోగా ఫోనులో ఏదో నొక్కి, రోజూ ఆరున్నరకు ఆ గది లైటు దానంతట అదే వెలిగేలా పెట్టింది. శనివారం పొద్దున్నే ఐలమ్మ పరుపు, బట్టల పెట్టె పైకి మోయించారు. పెట్టె ఉన్న చోట గచ్చు మీద నలుచదరంగా దుమ్ము గీత మిగిలింది. ఐలమ్మ దాన్ని తడిగుడ్డతో తుడిచి, తుడిచిన చోటునే మళ్లీ తుడిచింది. ఆ రోజంతా మెట్లు ఎక్కుతూ దిగుతూ గడిపింది. పైకి పోతే చెంచా చప్పుడు వినబడ్డట్టుంటుంది. కిందికొస్తే ఆయన నిద్రపోతుంటాడు.

నాలుగింటికి పరమేష్ వచ్చాడు, మంచం మోటారుకు ప్లగ్గు బిగించడానికి. ఇంట్లో ఐలమ్మ ఒక్కతే ఉంది. ప్లగ్గు బిగించి, మోటారు పరీక్షిద్దాం, ఒక్కసారి మంచం లేపమని చెప్పు పెద్దమ్మా అన్నాడు. ఐలమ్మ హాల్లోకి పోయి డబ్బా ముందు నిలబడింది.

"మైనా... ఈయన మంచం లేపు."

"క్షమించండి. ఏ గది మంచమో చెప్పండి."

పరమేష్ స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకొని గుమ్మంలోకొచ్చాడు. ఆమె కట్టు మీద ఉన్న దారప్పోగులు పీక్కుంటోంది. అతను ఆ వేళ్ల వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. ఎకసెక్కం నవ్వు కాదు.

"మా అమ్మ గూడ గింతే పెద్దమ్మా. ఓటర్ లిస్టు రాసేటోడు వచ్చి పేరు అడిగితె నన్ను ముంగటికి నూకేది. నేను బడికి పోయిన్నాడు వచ్చిండంటె వాని పని అయిపోయె, మళ్ల రావాల్సిందే."

ఐలమ్మ దారాలు పీకడం ఆపింది. పరమేష్ నెత్తి మీది కళ్లద్దాలు కిందికి దించుకొని ఫోను తీశాడు. దీనికేముంది, పేరు మారుస్తే సరి, రెండు నిమిషాల పని, ముందే చెప్పాల్సింది అన్నాడు.

"ఏమని పిలుస్తవు మరి నువ్వు?"

వచ్చింది. నాలుగు రోజులుగా తప్పించుకు తిరిగిన ప్రశ్న, ఏమీ కాని మనిషి నోటి నుంచి, ఫోను మీద వేలు పెట్టుకొని మామూలుగా వచ్చింది. ఐలమ్మ కిటికీ వైపు చూసింది. అతను బదులు కోసం ఆగి, తనే సాయం చేశాడు.

"పెద్దాయన అని పెట్టన్నా? పెద్దాయన లైటు, పెద్దాయన మంచం. సులువుగుంటది."

ఆమె తల ఊపింది. అదైతే ఎవరూ ఏమీ అనరు. రేపు అందరి ముందూ చెప్పొచ్చు. పరుపు కిందికొస్తుంది, పెట్టె కిందికొస్తుంది. పరమేష్ అక్షరం అక్షరం నొక్కుతున్నాడు. లోపల మంచం మీద ఆయన కళ్లు తెరిచి పైకప్పును చూస్తున్నాడు. పదకొండేళ్లుగా ఈ మనిషిని తను ఏమనీ పిలవలేదు. పిలవాల్సి వస్తే గిన్నె చప్పుడు చేసింది, దగ్గింది, ఇగో అంది. అంతకు ముందు ముప్పై ఏళ్లు పిలిచిన పిలుపు ఒకటి ఉండేది. చేను గట్టు మీద నిలబడి అరిస్తే అటు చివర నాగలి ఆగేది.

"వద్దు బిడ్డా," అంది.

పరమేష్ వేలు ఆగింది.

"యమున బాపు అని పెట్టు."

"యమున ఎవరు పెద్దమ్మా?"

"నా పెద్దబిడ్డ. ఈయన దాని తండ్రి."

ఈ ఇంట్లో నాలుగు రోజులుగా తిరుగుతున్న పరమేష్ ఆ పేరు వినలేదు. గోడల మీద ఉన్న ఫొటోల వైపు ఒకసారి చూశాడు. అందులోనూ లేదు. ఫోను కొంచెం కిందికి దించి, ఒక్క మాట సారును అడిగితే నయమేమో అన్నాడు.

"మీ సారును నేనే గన్న," అంది ఐలమ్మ. "పెట్టు."

పెట్టాడు. ఒక్కసారి పలికి చూడమంటే రేపు అంటాలే అంది. అతను సామాను సంచీలో వేసుకొని గేటు దాటేదాకా నిలబడే ఉంది. తర్వాత మెట్టు మీద కూర్చుంది. పోయి వెనక్కి పిలుద్దామా అనుకుంది. బండి చప్పుడు అప్పటికే రోడ్డెక్కింది.

ఆదివారం ఐదింటికే వానమబ్బు శామీర్‌పేట వైపు నుంచి కమ్ముకొచ్చింది. హాల్లో జైపాల్ దోస్తులు ముగ్గురు సోఫాలో కూర్చున్నారు. శైలజ తండ్రి జానకిరామయ్య కుర్చీలో నిటారుగా కూర్చుని, మనమరాలు పైన ఏం చేస్తోందని అడుగుతున్నాడు. బడిపంతులు పని చేసి రిటైరైన మనిషి, దేన్నైనా సగం తెలుసుకొని వదలడు. జైపాల్ ఉత్సాహంగా ఉన్నాడు. మైనా అనగానే హాలు లైట్లు వెలిగాయి, ఆరాయి. పాట వచ్చింది, ఆగింది. దోస్తులు తమ ఇళ్లకు ఎంతవుతుందని అడిగారు.

"నా కోసం కాదు, మా నాయిన కోసం పెట్టిచ్చిన," అన్నాడు జైపాల్. "మా అమ్మ సూపిస్తది జూడుండ్రి. అమ్మా, రా."

ఐలమ్మ వంటింట్లోంచి చెయ్యి చెంగుకు తుడుచుకుంటూ వచ్చింది. గది తలుపు తెరిచే ఉంది. లోపల చీకట్లో తెల్లటి దుప్పటి మాత్రం తెలుస్తోంది. శైలజ టీ పళ్లెం పట్టుకొని ఆగింది. ఆమె కళ్లలో, ఈసారి చెప్పండి అత్తమ్మా అన్న వేడికోలు ఉంది.

"మైనా," అంది ఐలమ్మ. నీలం వెలుగు తిరిగింది. "యమున బాపు లైటు వెయ్యి."

గదిలో లైటు వెలిగింది.

"యమున బాపు లైటు వేశాను," అంది మైనా, అందరికీ వినబడేంత స్పష్టంగా.

దోస్తుల్లో ఒకడు చప్పట్లు కొట్టబోయి జైపాల్ ముఖం చూసి ఆగాడు. బయట వాన మొదలైంది. శైలజ పళ్లెం బల్ల మీద పెట్టింది, కప్పులు గలగలమన్నాయి.

"యమున ఎవరమ్మా?" అన్నాడు జానకిరామయ్య. ఆయనకు నిజంగానే తెలియదు. పెళ్లినాడు జైపాల్ ఒక్కడే సంతానం అని చెప్పారు.

"పరమేష్ ఏదో తప్పు ఎక్కిచ్చిండు మామా," అని జైపాల్ ఫోను తీశాడు.

"తప్పు లేదు," అంది ఐలమ్మ. "నా పెద్దబిడ్డ అన్నా. జైపాల్ అక్క. సూరారంల ఉంటది. నచ్చినోన్ని జేసుకున్నదని ఇంట్ల పేరు తీయొద్దన్నరు."

ఎవరూ టీ ముట్టలేదు. జానకిరామయ్య కూతురి వైపు చూశాడు. శైలజ తల దించుకుంది. ఆమెకు తెలుసని ఆ దించడంలోనే తెలిసిపోయింది. జైపాల్ ఫోనులో గబగబా నొక్కాడు. గదిలో లైటు ఆరింది. పేరు మార్చే చోటు కోసం వేలితో పైకీ కిందికీ తోస్తున్నాడు.

లోపల చెంచా మోగింది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. లెక్క లేకుండా టకటకమని కమ్మీ మీద పడుతూనే ఉంది.

ఐలమ్మ లోపలికి పోయి చీకట్లోనే నీళ్ల గ్లాసు ఆయన పెదవులకు ఆనించింది. ఆయన నోరు బిగించాడు. నీళ్లు గడ్డం మీదుగా కారాయి. పక్కకు తిప్పబోతే భుజం బిగదీసుకున్నాడు. చెంచా ఆగలేదు. జైపాల్ గుమ్మంలోకొచ్చి, లైటు కోసమేమో అని ఫోను నొక్కాడు. లైటు వెలిగింది. చెంచా ఇంకా గట్టిగా పడింది. ఆయన కళ్లు కొడుకు మీద లేవు, లైటు మీద లేవు. తెరిచిన తలుపులోంచి హాల్లో ఉన్న ఆ డబ్బా వైపు ఉన్నాయి.

పదకొండేళ్ల కింద ఆ పేరు వద్దన్నది ఆయన నోరే. ఆ నోరిప్పుడు తిరగదు. వద్దన్న మాట వాపసు తీసుకోవాలన్నా, మళ్లీ వద్దని చెప్పాలన్నా ఆయన దగ్గర ఉన్నది ఈ చెంచా ఒక్కటే. ఏ మాట అంటున్నాడో ఐలమ్మకు తెలియలేదు. భయం వేసింది. అయినా గొంతెత్తి హాల్లోకి అంది.

"మైనా, యమున బాపు లైటు వెయ్యి."

"యమున బాపు లైటు ఇప్పటికే వేసి ఉంది," అంది మైనా.

చెంచా ఆగింది.

ఆయన ఊపిరి బరువుగా తీసి వదిలాడు. కాసేపటికి చెంచా మళ్లీ ఎత్తి ఒక్క దెబ్బ కొట్టాడు. ఐలమ్మ నీళ్ల గ్లాసు వైపు చెయ్యి చాపి, ఆగి, అదే మాట మళ్లీ అంది. మైనా అదే జవాబు మళ్లీ చెప్పింది. ఆయన ఎడమ కంటి కొస నుంచి తడి చెవిలోకి జారింది. ఐలమ్మ చెంగుతో ఒత్తింది.

జైపాల్ గుమ్మంలోనే ఉన్నాడు. చేతిలో ఫోను వెలుగుతోంది. కొంతసేపటికి దానంతట అదే ఆరిపోయింది. అతను మళ్లీ వెలిగించలేదు.

సోమవారం పొద్దున్నే శైలజ ఫోనులో ఎవరితోనో మెల్లగా మాట్లాడడం ఐలమ్మకు వినబడింది. రాత్రికి అక్కర్లేదు శివమ్మా, పగలు రెండు గంటలు వచ్చి ఒళ్లు తుడిచిపోతే చాలు అంటోంది. ఆ తర్వాత పరుపు చుట్టి నెత్తిన పెట్టుకొని మెట్లు దిగి వచ్చింది. పెట్టె మాత్రం తన వల్ల కాదు, ఆయనను అడుగుతా అత్తమ్మా అంది. జైపాల్ రాత్రి నుంచి తల్లితో మాట్లాడలేదు.

ఐలమ్మ వంటింట్లో ఒంటి చేత్తో బియ్యం కడుగుతోంది. బయట ఇంకా ముసురు పట్టే ఉంది. జైపాల్ బండి తాళాలు ఆడించుకుంటూ హాలు దాటాడు. రోజూ లాగే పనికి పోయే ముందు తండ్రిని చూడడానికి గదిలోకి పోయాడు. లోపల మసకగా ఉన్నట్టుంది. ఫోను నొక్కి లైటు వేశాడు.

చెంచా మోగింది.

నాయినా, నీళ్లా అని అడగడం వినబడింది. గ్లాసు చప్పుడైంది. చెంచా ఆగలేదు. దిండు సర్దిన చప్పుడైంది. చెంచా ఆగలేదు.

"అమ్మా," అని పిలిచాడు.

ఐలమ్మ చెయ్యి బియ్యంలోనే ఉంది. నీళ్లు తెల్లగా వేళ్ల సందుల్లోంచి కదులుతున్నాయి. శైలజ వంటింటి గుమ్మంలోంచి అత్త వైపు చూసింది.

"చెయ్యి ఖాళీ లేదు," అంది ఐలమ్మ, కొడుకుకు వినబడేటట్టు.

చెంచా పడుతూనే ఉంది. తాళాల చప్పుడు ఆగింది.

"మైనా," అన్నాడు జైపాల్. గొంతు సవరించుకున్నాడు. "యమున... యమున బాపు లైటు వెయ్యి."

"యమున బాపు లైటు ఇప్పటికే వేసి ఉంది."

చెంచా ఆగింది. ఐలమ్మ కట్టు చేతి మోచేత్తో గిన్నె వంచి, బియ్యం జారకుండా కుడి అరచేయి అడ్డం పెట్టి, కడుగునీళ్లు మెల్లగా పారబోసింది.